స్పానిష్ చుట్టరికాలు: నాన్న అంటే భలే, అమ్మ అంటే జాగ్రత్త

మీ ప్రశ్న సారాంశం ఇది. కొత్త ఇంటి ఫోటోలు పంపితే మెక్సికో సహోద్యోగి ‘కే పాద్రె!’ అని జవాబిచ్చాడు. నిఘంటువు చూస్తే ‘ఏమి తండ్రి!’ అని తేలింది. మీకు పాఠాలు చెప్పే ఆవిడ స్పెయిన్ దేశస్థురాలు. స్నేహితురాళ్లతో ఫోనులో మాట్లాడితే మాటకు ముందొక ‘తీయా’, వెనకొక ‘తీయా’. తీయా అంటే అత్తో పిన్నో కదా, ఇంతమంది అత్తలు ఎక్కడినుంచి వచ్చారని మీ సందేహం. ఇలాంటి మాటలన్నిటికీ మారు అర్థాలతో ఒక పట్టిక ఇవ్వమన్నారు.

పట్టిక మాత్రం ఇవ్వను. అలాంటి పట్టికను బట్టీ పట్టి మెక్సికో వెళ్లిన వాణ్ణి నేను. మద్రీద్‌లో నాలుగేళ్లు ఉండి, అక్కడి మాటలన్నీ వచ్చేశాయన్న ధీమాతో గ్వాదలహారాలో ఉద్యోగానికి చేరాను. మొదటి నెలలోనే ఒక సహోద్యోగి తల్లికి ఆరోగ్యం బాగాలేదని తెలిసింది. మధ్యాహ్న భోజనాల దగ్గర అందరి ముందూ ఆప్యాయంగా ‘ఇ తూ మాద్రె?’ అని అడిగాను. ‘మరి మీ అమ్మ?’ అన్నది నా ఉద్దేశం. బల్ల చుట్టూ చెంచాల చప్పుడు ఆగిపోయింది. అతను మంచివాడు కాబట్టి నవ్వి, ‘మీ మమా ఎస్తా మెహోర్’ అన్నాడు, అంటే ‘మా అమ్మకు నయంగా ఉంది’ అని. ‘మాద్రె’ అన్న నా మాటను పక్కకు తీసి, ‘మమా’ను ఆ చోట పెట్టి చూపించాడన్నమాట.

నేను చేసిన తప్పు ఏమిటో తెలుగువాళ్లకు ఒక్క ముక్కలో చెప్పవచ్చు. ‘మీ అమ్మగారు ఎలా ఉన్నారు?’ అనడానికీ, ‘నీ అమ్మ’ అని గొంతు పెంచి అనడానికీ ఎంత దూరముందో మనకు తెలుసు. మెక్సికోలో ‘తూ మాద్రె’ ఆ రెండో దానికి బాగా దగ్గర. అక్కడ పెద్దవాళ్లు కూడా తల్లిని ‘మీ మమా’ అనే అంటారు. స్పెయిన్‌లో మాత్రం ‘మీ మాద్రె’, ‘తూ మాద్రె’ మామూలు మాటలు, ఎవరూ తల తిప్పి చూడరు. దాదాపు 50 కోట్ల మందికి మాతృభాష, 20 దేశాల్లో అధికార భాష అయిన స్పానిష్‌లో ఏ పదానికైనా అర్థంతో పాటు ఊరు కూడా ఉంటుంది. మీ నోటుపుస్తకంలో పదం పక్కన అర్థం కన్నా ముందు దేశం పేరు రాసుకోండి.

ఇక పాద్రె. మెక్సికోలో ఇది విశేషణంగా మారింది. ‘ఎస్తా పాద్రె’ అంటే బాగుంది, ‘కే పాద్రె’ అంటే భలే ఉంది, ఇంకా మురిసిపోతే ‘పద్రీసిమో’. పిల్లలూ వాడతారు, బామ్మలూ వాడతారు, ఎవరి ముందైనా అనవచ్చు. ఇదేదో వింత అనుకోకండి. స్పెయిన్‌లోనూ పాద్రెకు ‘పెద్ద’ అన్న అర్థం ఉంది: ‘ఉన్ లీయో పాద్రె’ అంటే పెద్ద గొడవ, ‘ఉన్ సూస్తో పాద్రె’ అంటే గుండె ఆగినంత భయం, ‘లా వీదా పాద్రె’ అంటే దర్జా బతుకు. మనం కూడా ఏదైనా భారీగా ఉంటే ‘దీని తాతలాంటిది’ అంటాం కదా, ఆ దారే. మీ సహోద్యోగి మీ ఇంటిని మెచ్చుకున్నాడు, అంతే.

మాద్రె కథ ఇంత సులువు కాదు. మెక్సికోలో 1922 నుంచి మాతృదినోత్సవం చేస్తున్నారు. ఏటా మే 10న, ఏ వారమైనా సరే, హోటళ్లలో చోటు దొరకదు, తల్లుల కోసం కిటికీల కింద పాటలు పాడిస్తారు. ఆ దేశంలోనే అమ్మ మాట సగం తిట్లకు ముడిసరుకు. ‘మె వాలె మాద్రె’ అంటే నాకేమీ లెక్కలేదు. ‘నీ మాద్రెస్’ అంటే ససేమిరా కుదరదు (ఇందులోని ‘నీ’ మన నీ కాదు, ‘కూడా కాదు’ అనే అర్థం). ‘ఎస్తోయ్ ఆస్తా లా మాద్రె’ అంటే విసిగి వేసారిపోయాను. ‘దెస్మాద్రె’ అంటే నానా రభస. ‘మద్రాసో’ అంటే మద్రాసు కాదు, కళ్లు బైర్లు కమ్మే దెబ్బ. అంతా చెడేనా అంటే కాదు: ‘ఆ తోదా మాద్రె’ అంటే అద్భుతం. చివరికి పేరు గుర్తురాని వస్తువు కూడా మాద్రెయే. ‘పాసామె ఏసా మాద్రె’ అంటే ‘అది ఇటివ్వు, అదేదో’ అని. మరమ్మతు పనివాడు స్క్రూడ్రైవరును అమ్మ అనడం నేను చెవులారా విన్నాను.

పై పేరాలోనివన్నీ అర్థం చేసుకోవడానికే, అనడానికి కాదు. ‘ఆ తోదా మాద్రె’ లాంటి మంచి మాట కూడా దగ్గరి స్నేహితుల మధ్యే చెల్లుతుంది, అధికారి ముందు కాదు. పరాయి భాషలో మోటుమాట మన చెవికి మెత్తగా వినిపిస్తుంది, ఎందుకంటే చిన్నప్పుడు ఆ మాటకు మనం దెబ్బలు తినలేదు.

స్పెయిన్‌లో అమ్మ ఇంత ఘాటు కాదు. ‘మాద్రె మీయా!’ అంటే మన ‘అమ్మో!’, ‘అమ్మ బాబోయ్!’. గుడిలో అన్నా తప్పు లేదు. నది కూడా తల్లి మాటతో ముడిపడి ఉంది. నది పారే అడుగుకు మాద్రె అని పేరు, అందుకే ‘సలీర్సె దె మాద్రె’ అంటే గట్లు తెంచుకోవడం, హద్దు మీరడం. మనం నదీగర్భం అంటాం. రెండు భాషలూ ఎక్కడెక్కడో పుట్టి ఒకే ఊహకు చేరాయి.

అసలు నేను ఇదంతా రాయడానికి కారణం ఇదే. మనలో చాలామంది స్పానిష్‌ను ఇంగ్లీషు పుస్తకాల ద్వారా నేర్చుకుంటారు. చుట్టరికాల విషయంలో అది దండగ దారి. పెళ్లయ్యాక మీ అత్తగారికి మీ అమ్మ ఏమవుతుందో ఇంగ్లీషులో ఒక్క మాటలో చెప్పండి చూద్దాం. తెలుగులో వియ్యపురాలు. స్పానిష్‌లో కొన్‌స్వేగ్రా. వియ్యంకుడు కొన్‌స్వేగ్రో. తోడల్లుడికీ తోడికోడలికీ కూడా మాటలున్నాయి: కొన్‌కున్యాదో, కొన్‌కున్యాదా. ఉచ్చారణలోనూ అంతే. స్పానిష్ త అచ్చంగా మన త, ద కూడా దాదాపు మన ద. ఇంగ్లీషు గుండా వచ్చినవాడు ‘టియో’ అంటాడు, మీరు హాయిగా ‘తీయో’ అనవచ్చు. ఇంటి గుమ్మం తెరిచి ఉండగా పక్కింటి గోడ దూకడం ఎందుకు?

ఇంగ్లీషు విద్యార్థులు తల పట్టుకునే ఇంకో సంగతి చూడండి. కొలంబియాలో, కరీబియన్ దీవుల్లో తల్లి తన నాలుగేళ్ల కొడుకును ‘వేన్, పాపి’ అని పిలుస్తుంది. పాపి అంటే నాన్న. కూతురిని ‘మామి’ అంటుంది, అంటే అమ్మ. తల్లి కొడుకును నాన్నా అనడమేమిటని వాళ్లు వ్యాసాలు రాస్తారు. మన ఇళ్లలో ‘రా నాన్నా, రెండు ముద్దలు తిను’ అని తల్లి అంటుంది, ‘ఎందుకమ్మా ఏడుస్తావు’ అని తండ్రి కూతురిని ఓదారుస్తాడు. దీనికి మనకు వివరణే అక్కరలేదు. హవానాలోనో శాన్ హువాన్‌లోనో కూరగాయలమ్మే ఆవిడ ‘కే కీయెరెస్, మి అమోర్?’ అనో, ‘దీమె, పాపి’ అనో అంటే, ‘ఏం కావాలి నాన్నా’ అన్న మన సంత పిలుపు గుర్తు తెచ్చుకోండి. అందులో సరసం లేదు.

ఇదే మాటలో సరసం కూడా ఉంది, అదే చిక్కు. ప్రేమికులు ఒకరినొకరు పాపి, మామి అనుకుంటారు, డాన్సు పాటల నిండా అవే. ఆ పాటలు విని స్పానిష్ నేర్చుకున్న కుర్రవాళ్లు నా దగ్గరికి ఏటా వస్తారు. వాళ్లకు మొదటి రోజే చెబుతాను: ముక్కూమొహం తెలియని ఆడవాళ్లను ‘మామి’, ‘మమసీతా’ అనడం వీధి వేధింపు. కూరగాయలావిడ మిమ్మల్ని అనవచ్చు, మీరు తిరిగి అనకూడదు. ‘మిహో’, ‘మిహా’లకు ఈ బాధ తక్కువ. ‘నా కొడుకు’ అనే ‘మి ఇహో’ కలిసిపోయి మిహో అయింది. పెద్దవాళ్లు చిన్నవాళ్లను ‘నాయనా’, ‘తల్లీ’ అన్నట్టు అంటారు. కొలంబియాలో ముసలి దంపతులు ఒకరినొకరు మిహో, మిహా అనుకోవడం వింటే చెవులకు ఇంపుగా ఉంటుంది. మీ వయసు యాభై దాటేదాకా మీరు ఎవరినీ మిహో అనకండి.

తీయో దగ్గరికి వద్దాం. మేనమామ, బాబాయి, పెదనాన్న, మేనత్త భర్త, పెద్దమ్మ భర్త... ఇంతమందినీ ఆ ఒక్క మాటలో కట్టేశారు. ఇక్కడ మనం కొంచెం బీదరికం ఓర్చుకోవాలి. స్పెయిన్ వాడుకలో తీయో అంటే ‘మనిషి’, పిలుపులో అయితే ‘ఒరే’, ‘గురూ’. ఆడవాళ్ల మధ్య తీయా, అంటే ‘ఒసే’, ‘ఏమే’. మీ గురువుగారు చేసేది అదే. పల్లెల్లో పెద్దవయసు మగవాళ్లను ‘తీయో ఫలానా’ అనే పాత మర్యాద కూడా ఉంది, మన ‘పెద్దయ్య’లాగా. కాలక్రమంలో మర్యాద కాస్తా చనువైంది. ఇది మనకూ జరిగింది. ‘మామా’, ‘బావా’, ‘బాబాయ్’ అని చుట్టరికం లేని స్నేహితులను మన కుర్రవాళ్లు పిలుచుకోవడం లేదూ? అయితే మెక్సికోలోనో పెరూలోనో ‘తీయో’ అని స్నేహితుణ్ణి పిలిస్తే మీరు స్పెయిన్ వాళ్లను అనుకరిస్తున్నారని నవ్వుతారు. చిలీలో బడి పిల్లలు టీచరును ‘తీయా’ అంటారు, మన పిల్లలు పక్కింటావిడను ఆంటీ అన్నట్టు. ‘తీయా బ్వేనా’ అని ఎక్కడైనా వింటే మంచి అత్త అనుకోకండి. అది స్త్రీ ఒంటి సొగసు మీద చేసే వ్యాఖ్య, మీ నోట రాకూడదు. ‘తీయోవీవో’ అంటే బతికున్న మామ అనుకుంటారేమో, అది జాతరలో తిరిగే గుర్రాల రంగులరాట్నం.

తీయాతో నాకిష్టమైన మాట ఒకటుంది: ‘నో ఐ తూ తీయా’. మాటకు మాట తీస్తే ‘మీ అత్త లేదు’. వాడుకలో ‘ఇక లాభం లేదు, దారి లేదు’. అత్తకూ దారికీ ఏమిటి సంబంధం? ఏమీ లేదు. అది అసలు అత్తే కాదు. పూర్వం కంటి జబ్బులకు వాడిన ఒక లేపనం పేరు అతుతీయా. ఆ మందు లేదంటే జబ్బుకు దారి లేదని. జనం నోట్లో నలిగి ‘తూ తీయా’ అయింది. ఆ అతుతీయా అరబ్బీ ‘తూతియా’ నుంచి వచ్చింది, దాని మూలం సంస్కృత ‘తుత్థం’ అని స్పానిష్ నిఘంటువులే చెబుతాయి. తుత్థం మనకెందుకు తెలియదు? తోటలకు సున్నంతో కలిపి కొట్టే నీలం రంగు మైలతుత్తం అదే. మద్రీద్‌లో ఒక ముసలాయన చేతులు విరిచి ‘నో ఐ తూ తీయా’ అన్నప్పుడు తన నోట్లో మన మైలతుత్తం ఉందని ఆయనకు తెలియదు.

అన్నదమ్ముల మాటలకు ఒక సామాన్య సూత్రం ఉంది, సరదాగా ఉంటుంది. లాటిన్‌లో సోదరుణ్ణి ఫ్రాతెర్ అనేవారు. ఒకే తల్లిదండ్రుల బిడ్డ అని చెప్పడానికి పక్కన ‘గెర్మానుస్’ చేర్చేవారు. పోనుపోను ఫ్రాతెర్ ఊడిపోయింది, గెర్మానుస్ ‘ఎర్మానో’ అయి కూర్చుంది. ప్రీమో కూడా అంతే. ‘మొదటి వరస’ అని చెప్పే ప్రీముస్ మిగిలింది, అసలు చుట్టరికపు మాట పోయింది. వందల ఏళ్ల తర్వాత మెక్సికో వీధులు అదే పని మళ్లీ చేశాయి. ‘ఎర్మానో కార్నాల్’ అంటే రక్తం పంచుకున్న సోదరుడు. ఎర్మానో వదిలేసి స్నేహితుణ్ణి ‘కార్నాల్’ అంటారు. ప్రాణమిత్రులన్నమాట. ఎక్వదోర్‌లో (ఈక్వెడార్) అయితే ఆండీస్ కొండల ఆదివాసుల కెచువా భాష నుంచి వచ్చిన ‘న్యాన్యో’.

ప్రీమోలో మనకు రెండు ఇబ్బందులు. ఒకటి, బావ, మరిది, అన్న, తమ్ముడు అనే తేడా అందులో లేదు. దగ్గరి వరస అని చెప్పాలంటే ‘ప్రీమో ఎర్మానో’ అంటారు, మనవాళ్లు ఇంగ్లీషులో కజిన్ బ్రదర్ అన్నట్టే. మనల్ని చూసి నవ్విన వాళ్లకు ఈ ముక్క చెప్పండి. రెండు, స్పెయిన్‌లో ప్రీమో అంటే సులువుగా మోసపోయే అమాయకుడు కూడా. ‘అథేర్ ఎల్ ప్రీమో’ అంటే వెర్రిబాగులవాడై డబ్బు పోగొట్టుకోవడం. ఆడరూపం ప్రీమా అయితే అదనపు జీతమో, బీమా కంతో అవుతుంది. 2012లో స్పెయిన్ అప్పుల సంక్షోభంలో ఉన్నప్పుడు రోజూ వార్తల్లో ‘ప్రీమా దె ర్యేస్గో’ ఎంత పెరిగిందో చెప్పేవారు. అది మరదలు కాదు, దేశానికి అప్పిచ్చేవాళ్లు అడిగే అదనపు వడ్డీ.

ఇప్పుడు బావగారు. నన్నడిగితే స్పెయిన్‌లో ఈ కాలపు అత్యంత ఆసక్తికరమైన చుట్టరికపు మాట కున్యాదో. బావ, బావమరిది, మరిది అందరూ కున్యాదోలే. లాటిన్‌లో దీని మూలానికి ‘రక్తబంధువు’ అని అర్థం. పెళ్లితో వచ్చిన చుట్టానికి ఆ పేరు పెట్టుకున్నారు. గత పదిహేనేళ్లలో ఇది స్పెయిన్‌లో ఒక మనిషి తరహాకు పేరైంది. క్రిస్మస్ విందులో కూర్చుని, మీరు కొన్న కారు గురించి, ఫోను గురించి, ప్రభుత్వం గురించి, చివరికి మీ మోకాలి నొప్పి గురించీ అన్నీ తనకే తెలుసంటాడు. ‘నన్నడిగి ఉంటే ఇంతకన్నా చౌకగా ఇప్పించేవాణ్ణి’ అన్నది అతని మూలమంత్రం. ఆ గుణానికి ‘కున్యాదీస్మో’ అని పేరు కూడా పుట్టి పత్రికలకెక్కింది. అతనికి చెల్లెలినివ్వనక్కరలేదు, చుట్టం కానక్కరలేదు. అదే పెరూలో ‘కున్యావ్’ అంటే స్నేహంగా పిలిచే పిలుపు, ‘ఏం బావా’ అన్నట్టు. స్పెయిన్‌లో తిట్టు, పెరూలో చనువు.

బావల పెత్తనం స్పెయిన్‌కు పాత సంగతే. నియంత ఫ్రాంకోను ‘హెనెరాలీసిమో’ అనేవారు, అంటే సేనానులందరిలోకీ మహాసేనాని. 1940 నుంచి 1942 దాకా విదేశాంగ మంత్రిగా ఉన్న రామోన్ సెర్రానో సూన్యెర్‌కు జనం పెట్టిన పేరు ‘కున్యాదీసిమో’, బావలందరిలోకీ మహాబావ. ఇద్దరి భార్యలూ అక్కచెల్లెళ్లు. తెలుగులో కచ్చితంగా చెప్పాలంటే ఆయన తోడల్లుడు. ఆ తర్వాత ఫ్రాంకో అల్లుడికి ‘యెర్నీసిమో’ అన్న బిరుదూ దక్కింది.

అత్తగారి మీద వాళ్లకూ మనకున్నంత కసి ఉంది. పుట్టినరోజుల్లో పిల్లలు ఊదితే సర్రున సాగే కాగితపు బూరను స్పెయిన్‌లో ‘మాతాస్వేగ్రాస్’ అంటారు, అంటే అత్తల్ని చంపేది. మెక్సికోలో కొంచెం దయ చూపి ‘ఎస్పాంతాస్వేగ్రాస్’ అన్నారు, అత్తల్ని బెదరగొట్టేది. ముళ్లబంతిలా ఉండే ఒక జెముడుకు అత్తగారి పీట అని పేరు.

అమ్మమ్మ, నాయనమ్మ అబ్వేలా. ఎవరైనా సొంత డబ్బా కొట్టుకుంటుంటే ‘నో త్యేనెస్ అబ్వేలా’ అంటారు. నీకు అమ్మమ్మ లేదు పాపం, పొగిడేవాళ్లు లేక నువ్వే పొగుడుకుంటున్నావని. కాకిపిల్ల కాకికి ముద్దు అన్న సామెతను ఇంత కొంటెగా తిప్పడం నేనింకెక్కడా చూడలేదు. కష్టాల మీద కష్టం వస్తే ‘ఏరామోస్ పోకోస్ ఇ పరియో లా అబ్వేలా’ అంటారు. ఇంట్లో జనం చాలరన్నట్టు అమ్మమ్మ కూడా కన్నది అని. మూలిగే నక్క మీద తాటికాయ. ఈ రెండూ స్పెయిన్‌లో నిర్భయంగా వాడండి, మార్కులు పడతాయి.

మిగతావి గబగబా. ‘వ్యేహో’ అంటే ముసలివాడు, కానీ అర్జెంటీనాలో ‘మి వ్యేహో’ మా నాన్న, ‘మి వ్యేహా’ మా అమ్మ. మెక్సికోలో ‘మి వ్యేహా’ అంటే నా పెళ్లాం. మెక్సికోలో ‘మి హేఫా’ అంటే మా అధికారిణీ కావచ్చు, మా అమ్మా కావచ్చు, సందర్భం చూసుకోవాలి. స్పెయిన్‌లో ‘లా పర్యేంతా’, అంటే చుట్టం, భార్యకు మొరటు ముద్దుపేరు. ‘ఎస్పోసా’ భార్య, బహువచనంలో ‘ఎస్పోసాస్’ అంటే పోలీసుల బేడీలు (దీని మీద హాస్యం అయిదు వందల సార్లు విన్నాను, మీరు చేయకండి). పద్రాస్త్రో సవతి తండ్రి, గోరు పక్కన లేచి బాధపెట్టే చర్మపు చీలిక కూడా. ఈ పేరు పెట్టినవాడు ఇంట్లో ఏం పడ్డాడో. హెమేలోస్ కవలలు, పిక్కలు, చొక్కా కఫ్ గుండీలు కూడా. కోస్తారికాలో ‘కసాదో’ అని అడిగితే పెళ్లయిన మగవాడు రాడు, అన్నం, చిక్కుడుగింజలు, కూరతో భోజనం వస్తుంది.

చివరగా, తెలుగువాళ్లకే ప్రత్యేకమైన గోతులు. స్పానిష్ పుస్తకాలు వీటిని చెప్పవు. ‘పాప’ అని మనలా పలికితే లాటిన్ అమెరికాలో బంగాళాదుంప (కెచువా మాట), లేదా పోప్. నాన్న కావాలంటే రెండో అక్షరం మీద బరువు: పపా. ‘మామ’ అని పలికితే స్తనం, డాక్టరు వాడే మాట. అమ్మ కావాలంటే మమా. మా అబ్బాయి చిన్నప్పుడు పార్కులో వాళ్ల మేనమామను ‘మామా! మామా!’ అని పిలుస్తుంటే, పక్కనున్న ఆవిడ వాళ్ల అమ్మ తప్పిపోయిందేమోనని వెతకడానికి లేచింది. ‘నానా’ అంటే స్పెయిన్‌లో జోలపాట, చిలీలో ఇంటి పనిమనిషి. మీ పిల్లలు నలుగురిలో ‘నాన్నా’ అంటే కంగారు పడకండి. ఒక్క ‘తాత’ మాత్రం మనల్ని కాపాడుతుంది. చిలీలో తాత అంటే తాతే. మెక్సికో పల్లెల్లో తండ్రికీ పెద్దమనిషికీ ఆ పిలుపే. 1934 నుంచి 1940 దాకా దేశాధ్యక్షుడిగా ఉన్న లాసరో కార్దెనాస్‌ను రైతులు ‘తాతా లాసరో’ అనేవారు. భాషల మధ్య బంధుత్వం లేదు, పసినోటికి సులువైన శబ్దం అంతే.

మీ సహోద్యోగికి జవాబు రాయలేదన్నారు కదా. ఈపాటికి ఆలస్యమైంది గాని, ‘గ్రాసియాస్, ఆకీ త్యేనెస్ తూ కాసా’ అని రాయండి. ‘థాంక్స్, ఇది మీ ఇల్లే అనుకోండి’ అని. గృహప్రవేశానికి వాళ్ల అమ్మను కూడా రమ్మనాలంటే, మమా అని రాయండి.